మద్యశాల గోడ నుండి క్రీడారంగమునకు: డార్ట్స్ చరిత్రపై కువైట్ నుండి ఒక సమీక్ష

నేలనుండి 1.73 మీటర్ల ఎత్తున నడిబిందువు ఉండునట్లు గోడకు తగిలించిన ఒక గుండ్రని బోర్డు, దాని కెదురుగా 2.37 మీటర్ల దూరమున నేలపై గీచిన ఒక గీత, ఆ గీతవెనుక నిలిచి మూడు చిన్న అమ్ములను ఒకదానివెంట నొకటి విసరు ఒక మనుష్యుడు: ఇంతకంటె ఎక్కువ సామగ్రి నపేక్షింపని డార్ట్స్ ఆట, నూఱేండ్లకు పూర్వము ఇంగ్లండునందలి మద్యశాలలలో శ్రమజీవుల సాయంకాలపు కాలక్షేపముగా మాత్రమే యుండి, నేడు వేలకొలది ప్రేక్షకులను, లక్షలకొలది పౌండ్ల పారితోషికములను, ఖండాంతర ప్రసారములను సంపాదించుకొన్న క్రీడగా పరిణమించిన వృత్తాంతము మిక్కిలి విశేషమైనది. ఈ పరిణామమును గూర్చి ఇంగ్లండులో గ్రంథములు వెలసినవి, వాదములు చెలరేగినవి. ఆ వాదములన్నింటికి మూలమైన ప్రశ్న యొక్కటే: పరుగు లేని, ఆయాసము లేని, పానపాత్ర ప్రక్కన పెరిగిన యీ యాట నిజముగా క్రీడయా, లేక కేవల వినోదమా?

ఈ ప్రశ్నను లండనులో కూర్చుండి విచారించుట యొక తీరు, కువైట్‌లో కూర్చుండి విచారించుట వేఱొక తీరు. లండనులో మద్యశాలను, డార్ట్స్ బోర్డును విడదీసి చూచుట కష్టము; రెండును ఒకే గదిలో ఒకే దీపముక్రింద పెరిగినవి. కువైట్‌లో 1964 నాటి చట్టముతో మద్యము నిషిద్ధమైనది. మద్యశాల యనునది ఈ దేశమున లేదు. ఇక్కడ ఈ యాట బ్రదుకవలసినచో తన స్వగుణముచేతనే బ్రదుకవలెను గాని, పానగోష్ఠి నాశ్రయించి బ్రదుకుటకు వీలు లేదు. అంతేగాక, గుఱిచూచుట యను విద్యను గౌరవించుటలో ఈ చిన్నదేశము ఎవ్వరికిని తీసిపోదు. కువైట్ క్రీడాకారులు ఇంతవఱకు గెలిచిన ఒలింపిక్ పతకములన్నియు తుపాకి గుఱిలో గెలిచినవే. కనుక, ఒక క్రీడనుండి దాని పుట్టింటి పరిసరములను తొలగించినచో ఏమి మిగులును అని పరీక్షింపగోరువారికి ఇంతకంటె తగిన చోటు దొరకదని నా యభిప్రాయము.

డార్ట్స్ పుట్టుకను గూర్చి ప్రచారములో నున్న కథలు మనోహరములు, కాని వానిలో అధికభాగము ప్రమాణశూన్యములు. మధ్యయుగమునందలి ఆంగ్ల ధనుర్ధరులు తీరిక వేళల తమ బాణములను కురుచచేసి, ఖాళీ పీపాల అడుగులపైననో, అడ్డముగా కోసిన చెట్టు మొద్దులపైననో విసరుకొనుచుండిరనియు, మొద్దుపై నుండు వలయములును, ఎండి పగిలిన చీలికలును నేటి బోర్డుపై గీతలకు మూలములనియు చెప్పుదురు. వినుటకు సొగసుగా నున్నది. ఋజువు మాత్రము లేదు. ఎనిమిదవ హెన్రీ రాజునకు ఆన్ బొలీన్ అమ్ముల నొసగె ననుమాట అనేక గ్రంథములలో కనబడును. కాని యా కానుకగా వచ్చినవి అడవిపందుల వేటకు వాడు చిన్న యీటెలేగాని ఆటవస్తువులు గావు. ఈ పుక్కిటి పురాణములను ఒక్కొక్కటిగా పరిశీలించి, నిలిచినదానిని నిలిపి, నిలువనిదానిని తొలగించిన చరిత్రకారుడు పాట్రిక్ చాప్లిన్. 1900 మొదలు 1939 వఱకు ఇంగ్లండులో డార్ట్స్ చరిత్రను ఆయన సామాజికదృష్టితో వ్రాసిన గ్రంథము 2009లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయ ముద్రణాలయమునుండి వెలువడినది. మద్యశాలలోని ఆటపై గ్రంథమును విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించుటే ఈ విషయమునకు కలిగిన గౌరవమును సూచించుచున్నది. పందొమ్మిదవ శతాబ్దమున గొట్టముగుండ ఊది బాణమును పంపు ఆట ఒకటి ఇంగ్లండులో నుండెననియు, ఫ్రాన్సునుండి దిగుమతియైన, కొయ్యకు ఈకలు కట్టిన అమ్ములు సంతలలోని వినోదశాలలద్వారా జనులలో వ్యాపించె ననియు మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును. అనగా ఈ యాట రాజాస్థానమునుండి గాని యుద్ధభూమినుండి గాని దిగివచ్చినది కాదు. సంతనుండి మద్యశాలకు నడిచి వచ్చినది.

బోర్డుపై అంకెల యమరికను జూచిన వారికెల్ల కలుగు ఆశ్చర్యము సహజము. శిఖరమున 20, దాని కుడివైపున 1, ఎడమవైపున 5. అడుగున 3, దాని కొక ప్రక్క 17, మఱియొక ప్రక్క 19. 19కి ఆవల 7. పెద్దసంఖ్య కిరువైపుల చిన్నసంఖ్యల నుంచి, గుఱి తప్పినవానిని వెంటనే శిక్షించునట్లు దీనిని కూర్చిన బుద్ధిశాలి యెవరు? లాంకషైర్ నివాసియైన బ్రయన్ గామ్లిన్ అను వడ్రంగి 1896లో దీనిని కల్పించెనని లోకప్రతీతి. కాని ఆ పేరుగల వ్యక్తి యీ పని చేసినట్లు సమకాలికమైన పత్రమేదియు లభింపలేదు. యార్క్‌షైర్‌కు చెందిన థామస్ బకిల్ పేరు చెప్పువారును కలరు. కర్త యెవరైనను గణితజ్ఞులు ఈ కూర్పును మెచ్చుకొనిరి. ఇరువది సంఖ్యలను వృత్తముపై అమర్చుటకు 19 మొదలు 1 వఱకు గల సంఖ్యలన్నింటిని గుణించినంత, అనగా కోటికోట్లను మించిన సంఖ్యలో మార్గములు కలవు. అన్నింటిలోను ఉత్తమమైనది ఇదియే యని చెప్పలేకపోయినను, అనుభవముచేత కుదిరిన కూర్పులలో ఇది మిక్కిలి సమర్థమైన దనుటకు సందేహము లేదు.

ఈ విషయమున 2011లో ర్యాన్ టిబ్షిరానీ, మఱి యిద్దఱు గణాంకశాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన నాకు చాల విలువైనదిగా తోచినది. సామాన్యుడు గూడ వీరులను జూచి 20 యొక్క మూడింతల గడికే, అనగా ఆ సంఖ్యకు మూడురెట్లు లభించు గడికే, గుఱిపెట్టును. కాని చేయి యెంత చలించునో కొలిచి చూడగా, ఆ చలనము సుమారు 16 మిల్లీమీటర్లు దాటినవారు 19 యొక్క మూడింతల గడికి గుఱిపెట్టుట లాభకరమనియు, ఇంకను చేయి తిరుగనివారు బోర్డు నడిమికి కొంచెము ఎడమగా, క్రిందుగా విసరుట మేలనియు వారు లెక్కించి చూపిరి. శక్తిని బట్టి వ్యూహము మార్చుకొనవలసిన అవసరము కేవల అదృష్టముపై ఆధారపడిన ఆటలో ఉండదు. క్రీడాత్వమునకు ఇది నాకు మొదటి సాక్ష్యము.

బోర్డు దేనితో చేయబడునో తెలిసికొన్న రాయలసీమవాసులకు ఈ యాటపై కొంత బంధుభావము కలుగవచ్చును. పూర్వము ఎల్మ్ అను చెట్టు కఱ్ఱతో చేసిన బోర్డులు వాడుకలో నుండెడివి. అవి ఎండి బీటలు వాఱకుండుటకై రాత్రులందు నీటిలో నానబెట్టవలసివచ్చెడిది. వాసన లేని బొమ్మలమట్టిని తయారుచేయుచుండిన నోడార్ అను సంస్థ ముందు మట్టితోనే బోర్డులు చేసి విఫలమై, పిదప 1930ల యారంభమున సిసల్ నారతో చేసిన బోర్డును రూపొందించినది. సిసల్ మన కిత్తలి జాతి మొక్కయే. కడపసీమలో చేలగట్లపై కంచెగా పెరిగి, నానబెట్టి చీల్చిన మట్టలనుండి మోకులకు నార నొసగు కిత్తలికి అది సోదరి. ఆ నారను చిన్నచిన్న కట్టలుగా కట్టి, కోసిన కొనలు ఆటగాని వైపునకు వచ్చునట్లు బిగించి అదిమి, ఇనుపపట్టీతో చుట్టుదురు. అమ్ముమొన నారపోచల నడుమ దూరును. దానిని తీసినంతనే పోచలు మరల దగ్గఱకు చేరుకొని గాయము మూసికొనును. ఈ యొక్క గుణమువలన బోర్డు నెలలతరబడి మన్నెను, ఎక్కడికైనను తీసికొనిపోవుటకు వీలైనది, అన్నిచోట్ల ఒకే విధముగా ఉండెను. ప్రతి యూరి మద్యశాలకును ప్రత్యేకమైన బోర్డు, ప్రత్యేకమైన దూరము ఉన్నంతకాలము అది ఆ యూరి యాటయే. కొలతలు ఏకమైన పిదపనే ఒక యూరివాడు వేఱొక యూరివానితో తన నేర్పును పోల్చుకొనగలిగెను. ఆ తరువాత 1970లలో ఇత్తడి యమ్ములకు బదులు టంగ్‌స్టన్ అమ్ములు వచ్చినవి; ఇత్తడికంటె రెండింతలు మించిన సాంద్రతగల యా లోహముతో అమ్ము సన్నబడినది, మూడింటిని ఒకే గడిలో చేర్చుటకు చోటు దొరకినది.

న్యాయస్థానమునందు ఈ యాట గెలిచిన కథ యొకటి కలదు. 1908లో లీడ్స్ నగరమున ఒక మద్యశాల యజమానిపై, జూదమును పోలిన అదృష్టపుటాట నాడించెనని యభియోగము రాగా, ఆయన బోర్డును న్యాయసభకే తెప్పించి మూడమ్ములను 20 గడిలో నాటి, సభలోని గుమాస్తాను అట్లే చేయుమనగా ఆతడు చేయలేకపోయెననియు, అంతట ఇది నేర్పుతో గూడిన ఆటయని తీర్మానించిరనియు ప్రతీతి. చరిత్రకారులు ఈ కథను పూర్తిగా నమ్మరు. ఆ ఘట్టము జరిగిన దైనను కాకపోయినను, ఆనాటి ఆటగాండ్రు తమ యాటనుండి జూదపు నిందను తొలగించుకొనవలసిన యవసరమును గుర్తించిరని దీనివలన తెలియుచున్నది.

రెండు ప్రపంచయుద్ధముల నడిమికాలమున డార్ట్స్ ఇంగ్లండునంతటిని ఆక్రమించినది. 1920ల నడుమ నియమావళిని స్థిరపఱచుటకు జాతీయసంఘ మేర్పడినది. 1927లో ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ పత్రిక లండను ప్రాంతమున పోటీ నారంభింపగా సుమారు వేయిమంది పాల్గొనిరి. 1939లో ఇస్లింగ్‌టన్ నందలి రాయల్ అగ్రికల్చరల్ హాలులో జరిగిన అంత్యపోటీని చూచుటకు 14,000 మందికి పైగా వచ్చిరి. 1937 డిసెంబరులో ఆఱవ జార్జి రాజును, ఎలిజబెత్ రాణియు స్లౌ పట్టణమున ఒక సామాజిక కేంద్రమును దర్శించినపుడు అమ్ములు విసరిరి. రాణి రాజుకంటె ఎక్కువ సంపాదించినది. ఆ వార్త పత్రికలలో వచ్చిన పిదప స్త్రీలును ఈ యాటపై మక్కువ చూపిరి. అదేకాలమున, శ్రామికులు మద్యశాలలలో ఎక్కువకాలము గడపుటకు ఇది కారణమగుచున్నదని కొన్ని నగరముల అధికారులు డార్ట్స్‌ను నిషేధించుటకు పూనుకొనిరి. ఒకవంక రాజదంపతుల యాదరము, మఱియొకవంక అధికారుల అనుమానము: తరువాత అర్ధశతాబ్దముపాటు ఈ ద్వంద్వమే డార్ట్స్‌ను వెంటాడినది.

రెండవ ప్రపంచయుద్ధమున సైనికుల శిబిరములలోను, ఓడలలోను, యుద్ధఖైదీల నిర్బంధములలోను డార్ట్స్ బోర్డు తోడుగా నుండెను. యుద్ధానంతరము ఆంగ్లేయుడు పనికై ఎక్కడికి పోయెనో అక్కడికి అతని యాటలును వెంటనంటి పోయినవి. కువైట్ ఆ త్రోవలోనిదే. 1899 నాటి ఒడంబడికతో బ్రిటిషు రక్షణలోనికి వచ్చిన యీ దేశమున, 1934లో ఏర్పడిన కువైట్ ఆయిల్ కంపెనీ 1938లో బుర్గాన్ వద్ద చమురు కనుగొన్నది. యుద్ధమువలన ఆలస్యమై, 1946 జూన్ 30న తొలి చమురునౌక బయలుదేఱినది. కంపెనీకై ఎడారిలో వెలసిన అహ్మదీ పట్టణమున ఆంగ్ల, అమెరికా ఉద్యోగులకు హుబారా వంటి క్లబ్బులు ఏర్పడినవి. విదేశములందు ఆంగ్లేయుల ఆటలకు ఇట్టి క్లబ్బులే తొలి నిలయములు. ఆనాడే మన దేశమునుండి గుమాస్తాలు, సాంకేతికులు వచ్చి ఈ కంపెనీలో చేరిరి. 1961 వఱకు ఇక్కడ చెల్లిన నాణెము రూపాయియే. అదే యేట కువైట్‌కు స్వాతంత్ర్యము వచ్చిన మూడేండ్లకే మద్యనిషేధచట్టము వచ్చినది. ఇంగ్లండునందు మద్యశాలయే డార్ట్స్ పాఠశాల. ఆ పాఠశాల యిచ్చట మూతబడినది. ఆట వ్యాపింపకపోవుటకు ఇది కారణములలో ఒకటి యగునుగాని, ఆటకు అర్హత లేదనుటకు కారణము కాజాలదు.

ఇంగ్లండులో డార్ట్స్ మహోదయము టెలివిజనుతో కలిగినది. 1972లో న్యూస్ ఆఫ్ ది వరల్డ్ అంత్యపోటీ అలెగ్జాండ్రా ప్యాలెస్ నుండి ప్రసారమైనది. ఒక సగము తెరపై ఆటగాని ముఖము, మఱియొక సగము తెరపై బోర్డు. ఇంటిలో కూర్చున్నవాడు మైదానమున నున్నవానికంటె స్పష్టముగా చూడగల ఆట ఇదియే. 1973 జనవరిలో ఆలీ క్రాఫ్ట్ బ్రిటిష్ డార్ట్స్ ఆర్గనైజేషన్‌ను స్థాపించెను. 1976లో వరల్డ్ డార్ట్స్ ఫెడరేషన్ ఏర్పడినది. 1978లో నాటింగ్‌హామ్‌లో తొలి ప్రపంచ వృత్తిపోటీ జరిగి, వేల్స్‌కు చెందిన లైటన్ రీస్ ఇంగ్లండు వీరుడు జాన్ లోను ఓడించెను. ఆ జాన్ లోయే 1984 అక్టోబరులో టెలివిజను కెమేరాలయెదుట తొలిసారిగా తొమ్మిది యమ్ములతో ఆటను ముగించెను. 501 నుండి తీసివేయుచు వచ్చి, తుది యమ్మును రెండింతల గడిలో నాటి సరిగా సున్నకు చేర్చవలసిన ఆటలో తొమ్మిదికంటె తక్కువ యమ్ములతో ముగించుట సాధ్యము కాదు. పరిపూర్ణత కొక సంఖ్య నియతమై యున్న క్రీడలు లోకమున కొలదిగా కలవు.

ఇచట ఎరిక్ బ్రిస్టో కథను కొంత విస్తరించి చెప్పవలసియున్నది. లండను నగరపు హాక్నీలో పుట్టిన యీతడు 1980 మొదలు 1986 వఱకు ఐదుమార్లు ప్రపంచవిజేత యైనవాడు, చిటికెనవ్రేలిని పైకెత్తి విసరు సొగసుగాడు. కీర్తి శిఖరముననున్న దశలో ఆతనికి ఒక వింత వ్యాధి సోకినది: అమ్మును పట్టుకొనగలడు, చేయి యెత్తగలడు, గుఱి చూడగలడు, కాని వ్రేళ్ళు అమ్మును విడువవు. ఆటగాండ్రు దీనిని డార్టైటిస్ అందురు. ఆలోచనకు, చేతికి నడుమనున్న సూక్ష్మసంబంధ మెక్కడనో తెగుటచేత కలుగు ఈ యవస్థ అనేక వీరుల వృత్తిజీవితములను ముగించినది. మూడింతల వలయము వెడల్పు 8 మిల్లీమీటర్లు. నడుమకు గుఱిపెట్టినవాని చేయి నిలువున డిగ్రీలో పదియవవంతు తప్పినను అమ్ము గడిదాటి పోవును. వేలమంది కేకలనడుమ, లక్షల పౌండ్లు తన చేతిపై ఆధారపడియుండగా, ఆ పదియవవంతును సంవత్సరములతరబడి కాపాడుకొనుట శరీరశ్రమ కాదనువారు శ్రమయను దానిని కండరములలో మాత్రమే వెదకుచున్నారని చెప్పక తప్పదు. తాను పోగొట్టుకొన్నదానిని బ్రిస్టో మఱియొకనికి కట్టబెట్టెను. స్టోక్ ప్రాంతమున పింగాణీ పిడులు చేయు కూలివాడైన ఫిల్ టేలర్‌కు పదివేల పౌండ్లు అప్పిచ్చి, కఠినముగా శిక్షించి నిలబెట్టెను. 1990 ప్రపంచపోటీ అంత్యఘట్టమున ఆ శిష్యుడే గురువును 6–1 తేడాతో ఓడించి, పదునాఱు ప్రపంచవిజయములకు శ్రీకారము చుట్టెను.

కాని ఈ వైభవముతోబాటు అవమానమును పెరిగినది. వేదికపైననే త్రాగుచు, పొగపీల్చుచు ఆడు స్థూలకాయులను తెరపై చూచి సభ్యసమాజము నవ్వజొచ్చినది, 1980లో బి.బి.సి. హాస్యకార్యక్రమ మొకటి డార్ట్స్ ఆటగాండ్రను త్రాగుటలో పోటీపడువారుగా చిత్రించి దేశమంతట నవ్వించినది. ప్రకటనదారులు తొలగిరి, 1980ల తుదికి బ్రిటిషు తెరపై ప్రపంచపోటీ తప్ప వేఱొకటి మిగులలేదు. వేదికపై మద్యపానమును, ధూమపానమును నిషేధించుటయు ఆ కాలముననే జరిగినది. 1992లో పదునాఱుగురు అగ్రశ్రేణి ఆటగాండ్రు వేఱుపడి వరల్డ్ డార్ట్స్ కౌన్సిల్‌ను స్థాపించిరి. పాతసంస్థ వారిని బహిష్కరించినది. వివాదము న్యాయస్థానములకెక్కి, 1997లో రాజీతో ముగిసినది. ఆ కౌన్సిలే ప్రొఫెషనల్ డార్ట్స్ కార్పొరేషన్‌గా మాఱి, 2001లో బారీ హెర్న్ నాయకత్వమునకు వచ్చి, 2007 డిసెంబరునుండి తన ప్రపంచపోటీని అలెగ్జాండ్రా ప్యాలెస్‌కు చేర్చినది. చీలికను కొందఱు ఇప్పటికిని దుఃఖముతో స్మరింతురు. పాతసంస్థ 2020లో అంతరించినది. నా తలంపున ఆ చీలిక లేకున్నచో ఈ క్రీడ తన పాత యింటిలోనే వృద్ధాప్యము పొందియుండెడిది. 2005లో ఇంగ్లండు క్రీడామండలి డార్ట్స్‌ను క్రీడగా అధికారికముగా గుర్తించినది.

ప్రేక్షకుల పానోత్సాహము అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో నేటికిని తగ్గలేదు. దానిని దాచి వ్రాయుట సత్యము కాదు. అయితే వేదిక క్రిందనున్నది వేఱు, వేదికపైనున్నది వేఱు. 2019 డిసెంబరులో ఫాలన్ షెరాక్ ప్రపంచపోటీలో పురుషుని ఓడించిన తొలి స్త్రీ యైనది. టెడ్ ఎవెట్స్‌ను గెలిచి, తరువాతి వంతున మెన్సుర్ సుల్యోవిచ్‌ను గూడ గెలిచినది. స్త్రీపురుషులు ఒకే గీతవెనుక, ఒకే కొలతలతో, సడలింపులు లేక పోటీపడగల క్రీడలు ఎన్ని కలవు? ల్యూక్ లిట్లర్ 2024 జనవరిలో పదునాఱేండ్ల ప్రాయమున ప్రపంచపోటీ అంత్యఘట్టము చేరి ఓడెను. 2025 జనవరి 3న మైఖేల్ వాన్ గెర్వెన్‌ను 7–3 తేడాతో గెలిచి, పదునేడేండ్లకే ప్రపంచవిజేత యయ్యెను. ఇంగ్లండు చట్టము ప్రకారము మద్యము కొనుటకు అప్పటికింకను అర్హత లేని బాలుడు ఈ క్రీడకు అధినేత యగుట, మద్యశాలకును డార్ట్స్‌కును గల బంధము చారిత్రకమేగాని స్వాభావికము కాదనుటకు నాకు తిరుగులేని నిదర్శనముగా తోచుచున్నది.

గల్ఫు తీరమునకు ఈ క్రీడ వైభవోపేతముగా వచ్చినది 2013లో, దుబాయి టెన్నిస్ మైదానమున. ఆరుబయట, గాలి వీచుచుండగా ప్రపంచవీరులు ఆడిన ఆ పోటీలు 2017 వఱకు సాగినవి. 2023 జనవరిలో బహ్రెయిన్ మోటారుపందెముల ప్రాంగణమున మఱియొక పోటీ ప్రారంభమైనది; 2024లో లిట్లర్ అక్కడ విజేత యగుటయేగాక తొమ్మిదమ్ముల ఆటను గూడ సాధించెను. బహ్రెయిన్ పోటీలో ఎనిమిదిమంది ప్రపంచవీరులకు ఎదురుగా ఆసియానుండి ఎనిమిదిమందిని నిలుపుదురు. ఆ యాసియా బలగము ప్రధానముగా జపాను, ఫిలిప్పీన్సు, హాంకాంగు, సింగపూరులనుండి వచ్చినదే. మనవారిలో నితిన్ కుమార్ ప్రపంచపోటీలో భారతదేశము పక్షమున ఆడినవాడు. దుబాయి, బహ్రెయిన్‌లలో అనుమతిగల హోటళ్ళలో మద్యము దొరకును గనుక అచటి ప్రయోగమును పూర్తిపరీక్షగా తీసికొనలేము. అసలు పరీక్ష కువైట్ వంటి దేశములోనే జరుగవలసియున్నది.

ఆ పరీక్షకు కావలసిన పరిస్థితులు ఇక్కడ సమృద్ధిగా కలవు. 2016 జూలై 21న ఈ దేశమునందలి మిత్రిబాలో 53.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైనది. జూన్ మొదలు ఆగస్టు వఱకు పగలు 11 గంటలనుండి 4 గంటలవఱకు ఆరుబయట పనిచేయించుట నిషిద్ధము. ఇట్టి చోట నాలుగు గోడలనడుమ ఆడదగిన ఆటకున్న విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు. కువైటీలకు దివానియా యను సంప్రదాయము కలదు: సాయంకాలములందు పురుషులు ఒక విశాలమైన గదిలో చేరి, టీ, కాఫీలు సేవించుచు, లోకవ్యవహారములు ముచ్చటించుచు, ‘కూత్ బూ సిత్త’ అను పేకాట నాడుకొందురు. మద్యము లేకయే గోష్ఠి యెంత గాఢముగా ఉండగలదో దివానియాను చూచి తెలిసికొనవచ్చును. ఇంగ్లండు మద్యశాలలో డార్ట్స్‌కు లభించినది మద్యము కాదు, గోష్ఠి. ఆ గోష్ఠి యిచ్చట మఱింత శిష్టరూపమున సిద్ధముగా నున్నది.

ఇక మన తెలుగువారి మాట. ఈ దేశముననున్న సుమారు పదిలక్షల భారతీయులలో రాజంపేట, రాయచోటి ప్రాంతములనుండియు, గోదావరి జిల్లాలనుండియు వచ్చిన శ్రమజీవుల సంఖ్య చాల పెద్దది. డ్రైవర్లు, వంటవారు, ఇండ్లలో పనిచేయు స్త్రీలు, నిర్మాణపుపనివారు. అబ్బాసియా, ఫర్వానియా, మహబూలాలలో ఒక్కొక్క గదిలో పలువురు కాపురముండువారు. 2015 నాటి 68వ చట్టము ఇంటిపనివారికి వారమున కొక సెలవుదినమును హక్కుగా ఒసగినది. ఆ హక్కు అందఱికి అందవలెనని మనసార కోరుచున్నాను. సెలవునాడు క్రికెట్ మైదానము దొరకించుకొనుటకు పడు ప్రయాసము ఇక్కడి వారికి తెలియును. డార్ట్స్‌కు కావలసినది ఒక గోడ, మూడుగజముల నేల. ఇంగ్లండులో ఈ యాటను పెంచి పోషించినవారును గనికార్మికులు, రేవుకూలీలు, పింగాణీపనివారే. శ్రమజీవుల క్రీడగా దీనికున్న వంశచరిత్ర మనవారికి పరాయిది కాదు. మన తెలుగు సంఘములు ఉగాదికి, సంక్రాంతికి ముగ్గులపోటీలు, పాటలపోటీలు జరిపించుచున్నవి. వానిప్రక్కన ఒక బోర్డు తగిలించుటకు ఖర్చు పెద్దది కాదు. స్త్రీలకు వేఱు పోటీ పెట్టనక్కఱలేదు. చక్రముల కుర్చీలో నున్నవారికై నడిబిందువును 1.37 మీటర్ల ఎత్తున నుంచు ఏర్పాటు గూడ నియమములలోనే యున్నది.

కువైట్ తుపాకిగుఱిలో సాధించిన దానిని ఇచట తలంచుకొనవలెను. ఫెహైద్ అల్ దీహానీ 2000లో సిడ్నీయందు ఈ దేశమునకు తొలి ఒలింపిక్ పతకమును, 2012లో లండనునందు మఱియొకటిని తెచ్చెను. 2015లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము కువైట్‌ను బహిష్కరించుటచేత, 2016లో రియోయందు ఆతడు దేశరహితుడై స్వతంత్రక్రీడాకారులలో ఒకడుగా పోటీచేసి స్వర్ణమును గెలిచెను. సైనికుడనైన నేను నా దేశపతాకము తప్ప వేఱొకదానిని మోయజాలనని, ప్రారంభోత్సవమున ఒలింపిక్ పతాకము పట్టుటకు నిరాకరించెను. అబ్దుల్లా అల్ రషీదీ రియోలో కాంస్యము గెలిచి, 2021లో టోక్యోయందు ఏబదియేడేండ్ల వయస్సున మరల కాంస్యము గెలిచెను. వీరు ఆకాశమునుండి ఊడిపడలేదు. ప్రభుత్వము షూటింగ్ ప్రాంగణమును కట్టించినది, శిక్షకులను రప్పించినది, యువకులను ఏండ్లతరబడి పోషించినది. డార్ట్స్ విషయమున గల్ఫు దేశములు ఇంతవఱకు చేసినది వేదికను అమర్చి, వీరులను విమానములలో రప్పించి, పంపివేయుట. ఇట్టి ప్రదర్శనములు అవసరమే. కాని ఇస్లింగ్‌టన్‌కు 14,000 మందిని రప్పించినది ప్రదర్శనము కాదు, వేలకొలది చిన్నగదులలో జరిగిన నిత్యాభ్యాసము.

కనుక కువైట్‌లో ఆరంభము జరుగవలసిన చోటు పాఠశాలలని నా యభిప్రాయము. ఇచటి భారతీయ పాఠశాలలలో చదువు పిల్లలు మెత్తని ప్లాస్టిక్ మొనలుగల అమ్ములతో, అంకెలను తనకు తానే లెక్కించు ఎలక్ట్రానిక్ బోర్డుపై నిరపాయముగా ఆడవచ్చును. అయితే ఆ యంత్రపు లెక్కను కొంతకాలము మూసియుంచి, 501 నుండి తీసివేతను పిల్లలచేతనే చేయించుట మేలు. 170 మిగిలినపుడు రెండుమార్లు మూడింతల 20, పిదప నడిబిందువు. 138 మిగిలినపుడు మూడింతల 20, మూడింతల 18, రెండింతల 12. ఈ రెండవ త్రోవలోనే 1983లో కీత్ డెల్లర్ అను ఇరువదిమూడేండ్ల యువకుడు, ఎవ్వరును ఊహింపని సమయమున, బ్రిస్టోను ఓడించి ప్రపంచవిజేత యైనాడు.